కళ్లెలో క్రిమి... రక్తంలో చక్కెర

క్షయ మందులు మొదలుపెట్టి రెండు నెలలైనా దగ్గు తగ్గకపోతే చుట్టూ ఉన్నవాళ్లు అడిగే మొదటి మాట: ‘మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?’ ఒక్క పూటా తప్పనివాళ్లకూ ఈ అనుమానం తప్పదు. నా దృష్టిలో ఇది అన్యాయం. దానికన్నా ముందు అడగాల్సింది ‘షుగర్ ఎంతుంది?’ అని.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనవాళ్లే. మధుమేహం ఉంటే క్షయ ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 2012లో వెలువడిన అధ్యయనాల్లో తమిళనాడు క్షయ రోగుల్లో నలుగురిలో ఒకరికి, కేరళలో 44 శాతం మందికి షుగర్ కనిపించింది.

చక్కెర అదుపు తప్పితే ఊపిరితిత్తుల్లో క్రిమిని పట్టి చంపాల్సిన రక్షక కణాలు మందగిస్తాయి. క్రిములు గుంపులుగా పెరిగి గుంతలు చేస్తాయి. కోట్ల క్రిముల్లో ఏ కొన్నో మందుకు లొంగని మార్పుతో సహజంగానే పుడతాయి. గుంపు పెద్దదైన కొద్దీ అవీ పెరుగుతాయి. అదే సమయంలో రక్తంలో మందు చాలినంత లేకపోతే లొంగేవి చచ్చి, మొండివి మిగులుతాయి. 2006లో ఇండోనేషియాలో జరిగిన ఓ అధ్యయనంలో షుగర్ ఉన్న క్షయ రోగుల రక్తంలో రిఫాంపిసిన్ అనే క్షయ మందు మిగతావారిలో ఉన్నదాంట్లో సగమే కనిపించింది. తర్వాతి అధ్యయనాలన్నీ అంత తేడా చూపలేదు. అయినా బహుళ మందులకు లొంగని క్షయ మధుమేహుల్లో ఎక్కువని అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. అంటే మాత్రలన్నీ మింగినవాళ్లకూ ఈ ముప్పు ఉంది.

మందులకు మందులతోనూ పేచీ ఉంది. రిఫాంపిసిన్ ప్రభావంతో కాలేయం గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలను త్వరత్వరగా విరిచేస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన మోతాదు ఇవాళ చాలదు. క్షయ చికిత్స ముగిశాక అదే మోతాదు కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే చాలామందికి వైద్యులు మెట్‌ఫార్మిన్‌నో, ఇన్సులిన్‌నో ఎంచుకుంటారు. మరో క్షయ మందు ఐసోనియాజిడ్ నరాలను దెబ్బతీయవచ్చు. షుగర్‌తో ఇప్పటికే పాదాలు తిమ్మిరెక్కినవారికి దానితోపాటు పిరిడాక్సిన్ (విటమిన్ బి6) ఇవ్వాల్సిందే. మొండి క్షయకు 2024లో మన దేశం ఆమోదించిన ఆరు నెలల కొత్త చికిత్సలోనూ చిక్కులున్నాయి: లినెజోలిడ్ నరాల మీద పడుతుంది, మాక్సిఫ్లాక్సాసిన్ చక్కెరను పైకీ కిందకీ ఊపగలదు.

ఇక అన్నం సంగతి. టీబీ డాక్టరు బాగా తినమంటారు. షుగర్ డాక్టరు తగ్గించమంటారు. రెండు మాటల మధ్య నలిగినవాళ్లు అన్నం సగం చేసుకుని, దాని బదులు ఏమీ తినరు. బరువు తగ్గుతున్న ఒంటికి అది దెబ్బ మీద దెబ్బ. తగ్గాల్సింది తీపి పదార్థాలూ, పాలిష్ బియ్యపు అన్నమూ. పెరగాల్సింది గుడ్డు, కందిపప్పు, వేరుశనగలు, చేపలు, ఆకుకూరలు. క్షయ రోగుల తిండికోసం ప్రభుత్వ పథకం నిక్షయ్ పోషణ్ కింద నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 అయ్యాయి. వాటిని ఎలా ఖర్చుపెట్టాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి కూడా కావాలి.

క్షయ రోగులందరికీ షుగర్, షుగర్ ఉన్నవారికి క్షయ లక్షణాలు చూడాలని 2017లోనే జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. క్షయ జ్వరమే చక్కెరను తాత్కాలికంగా పెంచుతుంది కాబట్టి, జబ్బు నెమ్మదించాక మళ్లీ చూడాలి. రెండోవైపు, అంటే షుగర్ ఉన్నవారిలో క్షయ కోసం చూడటంలో, ఇంకా నిర్లక్ష్యం ఉంది. మధుమేహి బరువు తగ్గితే ‘షుగర్ వల్లే’ అనేసి ఊరుకుంటాం. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో సీబీనాట్ యంత్రం సుమారు రెండు గంటల్లో చెబుతుంది.

ఆరు నెలల కోర్సు ముగిసిందని ఫైలు మూసేయడమూ తొందరపాటే. మధుమేహుల్లో క్షయ తిరగబెట్టే ముప్పు మిగతావారికన్నా దాదాపు నాలుగు రెట్లని 2011 నాటి ఓ విశ్లేషణ తేల్చింది. ఆరు నెలలకోసారి, రెండేళ్లపాటు మళ్లీ పరీక్షకు రమ్మంటారు. ఆ తేదీలను షుగర్ చీటీ మీదే రాయించుకోండి.