రెండు స్లాబుల మధ్య సోలార్

1884లో న్యూయార్క్‌లోని ఒక మేడ మీద చార్లెస్ ఫ్రిట్స్ అనే ఆవిష్కర్త వింత పలకలు బిగించాడు. లోహపు రేకు మీద సెలీనియం పూత, దాని పైన కాంతి దూరిపోయేంత పల్చని బంగారు పొర. ఎండ తగిలితే చాలు, కరెంటు పుట్టేది. బొగ్గు లేదు, పొగ లేదు, తిరిగే చక్రం లేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఏమీ మండకుండా కరెంటు ఎలా వస్తుందని పెద్దపెద్దవాళ్లకే అనుమానం. ఫ్రిట్స్ ఒక పలకను జర్మనీకి, విద్యుత్ ఇంజనీరు వెర్నర్ ఫాన్ సీమెన్స్‌కు పంపితే, ఆయన పరీక్షించి నిజమేనన్నాడు. అయినా నూరు పాళ్ల ఎండలో ఒక పాలు మాత్రమే కరెంటుగా మార్చే పలక అది. ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం 1882 నుంచే తీగల మీద కరెంటు అమ్ముతున్న ఊళ్లో దాన్ని కొనేదెవరు?

మళ్లీ ఎండ కరెంటు పేరు గట్టిగా వినిపించింది 1954 ఏప్రిల్ 25న. బెల్ ల్యాబ్స్‌లో ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో సెల్ చేసి, దాని కరెంటుతో బొమ్మ జెయింట్ వీల్ తిప్పి చూపించారు. ఈసారి సామర్థ్యం 6 శాతం. పత్రికలు మురిసిపోయాయి గానీ, ఛాపిన్ 1956లో కాగితం మీద లెక్క వేస్తే, మామూలు ఇంటికి సరిపడా సెల్స్‌కు 14 లక్షల డాలర్లు పైనే తేలింది. అందుకే ఆ సెల్ ఇంటి మీదికి రాకుండా 1958లో వాంగార్డ్-1 ఉపగ్రహం ఎక్కి అంతరిక్షానికి పోయింది. అక్కడ పోటీకి కరెంటాఫీసు లేదు మరి!

ఇప్పుడు వాట్‌కు పలక ధర డాలరులో పావు వంతు కూడా లేదు. ధర పడిపోయినా ఒక డాబా మీద పలకలు మెరుస్తుంటే పక్క డాబా బోడిగానే ఉంటుంది. ఎండ తేడా అనుకుందామా? మన విజయవాడ కంటే ఎండ బాగా తక్కువైన జర్మనీలో జనం పలకలు ఎగబడి కొన్నారు. 2000లో వచ్చిన చట్టం, ఇంటి మీద పండిన ప్రతి యూనిట్‌నూ 20 ఏళ్లపాటు మంచి ధరకు కొంటామని మాట ఇవ్వడమే కారణం.

మన దగ్గర పలకలు కొనాలా వద్దా అన్న నిర్ణయం రెండు స్లాబుల మధ్య నలుగుతుంది. ఒకటి కరెంటు బిల్లులోది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 400 దాటితే రూ.9.75. సోలార్ కోసేది పైనున్న ఖరీదైన మెట్టునే. రెండు ఏసీలు తిరిగే ఇంటికి అది లాభం. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న ఇంటికి మిగిలేది స్వల్పం. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి ‘జీరో బిల్లు’ అందుకుంటున్న కుటుంబం సోలార్ వద్దంటే అది అజ్ఞానం కాదు, చక్కటి లెక్క. కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఇస్తుంది. కానీ మిగతా సొమ్ము ఇంటాయనే పెట్టుకోవాలి. సున్నా బిల్లును అంతకంటే తగ్గించేదెలా?

రెండో స్లాబు నెత్తి మీదిది. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. మన డాబా అంత ఖాళీగా ఎప్పుడుంటుంది? వడియాలు, మిరపకాయలు, బట్టలు, వేసవి రాత్రి మడత మంచాలు అన్నీ అక్కడే. మూలల్లో పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. అబ్బాయి పెళ్లినాటికి పై అంతస్తు వేయాలని వదిలినవి. పాతికేళ్లు కదలని పలకకూ, ఇంకా పెరగాలనుకునే ఇంటికీ పొత్తు కుదరదు. పైగా వాస్తు చెప్పిందని నీళ్ల ట్యాంకు నైరుతిలో. చలికాలం మధ్యాహ్నం సూర్యుడూ అటే ఉంటాడు కాబట్టి, ట్యాంకు నీడ డాబా మీదుగా ఈశాన్యానికి సాగుతుంది. పలకలోని సెల్స్ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. కాలువలో ఒకచోట అడ్డుకట్ట పడితే కింది మడులన్నీ ఎండినట్టు, ఒక సెల్ మీద నీడ పడితే దాని వరసంతా చతికిలబడుతుంది. అద్దెకున్నవాళ్లకైతే ఈ బాధే లేదు, డాబా వాళ్లది కాదు. అపార్ట్‌మెంట్లో డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

అన్నిటికంటే పెద్ద అపార్థం ఇన్వర్టర్ అనే మాట తెచ్చింది. తెలుగిళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీ పెట్టె. సోలార్ ఇన్వర్టర్ పని వేరు. పలకల నుంచి వచ్చే డీసీని ఏసీగా మార్చి గ్రిడ్‌తో జత కలుపుతుంది. గ్రిడ్ ఆగితే అదీ ఆగుతుంది. లేకపోతే స్తంభం ఎక్కి తీగ బాగుచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా కరెంటే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ సంగతి డబ్బు కట్టకముందే చెప్పాలి. మిట్ట మధ్యాహ్నం, నెత్తిన నిండు ఎండ, ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది. అప్పుడు తెలిస్తే ఆ ఇంటాయన వీధి వీధంతా తిరిగి చెబుతాడు.

వీధి మాటకు విలువెంతో కాలిఫోర్నియాలో లెక్కగట్టారు. బాలింజర్, గిలింగ్‌హామ్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పిన్‌కోడ్ పరిధిలో ఒక ఇల్లు అదనంగా పలకలు పెట్టుకుంటే, అక్కడ మరొకరు పెట్టుకునే అవకాశం 0.78 శాతం పాయింట్లు పెరుగుతుంది. చూడడానికి చిన్న అంకే, కానీ ఇల్లూ ఇల్లూ కలిసేకొద్దీ పెరిగేది. మన వీధుల్లో అయితే పక్కింటాయన మెట్లెక్కి వచ్చి సామర్థ్యం ఎంత శాతమని అడగడు, మొన్నటి బిల్లు చూపించమంటాడు.

డాబా వదులుకోలేని వాళ్లకు బిగించేవాళ్లు ఒక దారి చూపిస్తున్నారు, ఎత్తు స్టాండు. మనిషి నిలబడేంత ఎత్తున ఇనుప చట్రం వేసి, పలకలను దాని మీద పరుస్తారు. ఖర్చు ఎక్కువే, గాలివానకు పునాది గట్టిగా పట్టాలి. దాని కింద నీడలో బట్టల తీగ కడతారు. వడియాలు మాత్రం ఎండ కోసం పిట్టగోడ వైపు, ఆ చువ్వల పక్కకు జరిగాయి.