బడి దుస్తుల నిబంధన: ఎవరి చూపు, ఎవరి బరువు?

సాహిత్య విమర్శ పత్రికలో బడిపిల్లల యూనిఫాం ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో దుస్తుల నిబంధన కూడా ఒక రచనే. దానికి కర్త ఉన్నాడు, అది ఎవరినుద్దేశించిందో వాళ్లున్నారు, పైకి చెప్పే అర్థం ఉంది, చెప్పకుండానే నిలబెట్టే విలువలున్నాయి. కథనీ కవితనీ వర్గ దృష్టితోనూ స్త్రీల దృష్టితోనూ పరీక్షించడం మనకు అలవాటే. కాని రోజూ ప్రార్థన వేళ పిల్లల ఒంటిమీద అమలయ్యే ఈ పది వాక్యాల రచనను మాత్రం చదవకుండా వదిలేస్తున్నాం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు నోటీసు బోర్డు మీద దీన్ని చదవక తప్పలేదు. చదివినకొద్దీ ఇందులోని అన్యాయం బట్టలో కంటే ఆ బట్టకు చెప్పే కారణంలో ఉందనిపించింది. ఆ సంగతే ఇక్కడ వివరిస్తాను.

1. సమానత్వం పేరుతో వచ్చిన దుస్తులు

యూనిఫాంను సమర్థించేవాళ్లు చెప్పే మొదటి మాట సమానత్వం. కలిగినవాడి బిడ్డా, కూలివాడి బిడ్డా ఒకే బట్టలో కనిపించాలన్నది ఆశయం. చరిత్ర మాత్రం అంత తేటగా లేదు. 1552లో లండన్‌లో పేదపిల్లల కోసం స్థాపించిన క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో పిల్లలకు పొడవాటి నీలికోటు తొడిగారు. అది దాతల దయకు గుర్తు. కాలక్రమంలో యూనిఫాం ధనికుల బడుల్లో దర్జాకు గుర్తయింది. మన ఊళ్లో ఈనాటికీ టై, బూట్లు చూసి ఏ పిల్లవాడు ఏ బడివాడో, వాళ్ల నాన్న ఆదాయం ఎంతో చెప్పేయగలం. ఒకే బడి గోడల లోపల వర్గభేదాన్ని కొంత కప్పిన ఈ దుస్తులు, బడికీ బడికీ మధ్య దాన్ని మరింత పైకి తెచ్చాయి.

అయినా ప్రభుత్వ బడిలో యూనిఫాం పేదపిల్లలకు మేలు చేసిందనడం నిజం. సమగ్ర శిక్షా పథకం 2018లో మొదలైనప్పుడు ఒక్కొక్కరికి ఏటా రెండు జతలకు 600 రూపాయలు పరిమితిగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన విద్యాకానుక కింద మూడు జతల గుడ్డ ఇచ్చారు. బడికి వేసుకుపోవడానికి బట్టలేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కనుక యూనిఫాంను ఎత్తివేయాలన్నది నా వాదన కాదు. వర్గభేదాన్ని చెరపడానికి వచ్చానని చెప్పుకునే ఈ దుస్తులే ఒకటో తరగతి నుంచి ఆడ, మగ భేదాన్ని గీతగీసి చూపిస్తున్నాయి. ప్రశ్న అక్కడుంది.

2. నోటీసు వాక్యనిర్మాణం

మగపిల్లల గురించిన నిబంధనలు మామూలుగా ఈ తీరులో ఉంటాయి: చొక్కా లోపలికి దోపుకోవాలి, క్రాపు పొట్టిగా ఉండాలి, బూట్లకు పాలిష్ ఉండాలి. వీటన్నిటికీ చెప్పే కారణం శుభ్రత, క్రమశిక్షణ. ఆడపిల్లల వంతు వచ్చేసరికి వాక్యం మారిపోతుంది. చున్నీని రెండు వైపులా పిన్నీసులతో కుట్టినట్టు పెట్టుకోవాలి, టాప్ మోకాలు దాటాలి, బిగుతు లెగ్గింగ్స్ పనికిరావు, రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలి. ఇక్కడ కారణం 'మర్యాద'. మర్యాద అంటే ఏమిటని అడిగితే, మగపిల్లల ఏకాగ్రత చెడుతుందని జవాబు.

ఈ జవాబును విమర్శకుడు చదవాల్సినట్టు చదవాలి. చూసేవాడి చూపుకు చూడబడే అమ్మాయిని బాధ్యురాలిని చేస్తున్నది ఈ వాక్యం. మగపిల్లవాడి మీద కూడా ఇది అన్యాయమే చేస్తున్నది. తన చూపును తాను అదుపులో పెట్టుకోలేని ప్రాణిగా వాణ్ణి ముందే తీర్మానించేస్తున్నది. పన్నెండేళ్ల పిల్లకు తన ఒళ్లు ఒక సమస్య అని మొదటిసారి చెప్పేది చాలాసార్లు పాఠం కాదు, ఈ నోటీసే.

చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్న విద్యార్థులకు మహత్తు, అమహత్తుల విభజన తెలుసు. ఏకవచనంలో మన భాష స్త్రీని అమహత్తుతో కలిపేస్తుంది: సీత వచ్చింది, ఆవు వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీపురుషులిద్దరూ 'వచ్చారు'. 'పిల్లలు' అన్న మాటకైతే లింగభేదమే లేదు. అంటే న్యాయమైన నిబంధన రాయడానికి కావలసిన కర్తృపదం మన భాషలో సిద్ధంగా ఉంది. 'పిల్లలు' అని మొదలుపెట్టి రాయలేని ప్రతి నిబంధననూ ఆపి, ఎందుకు రాయలేకపోతున్నామని అడగాలి.

3. బట్ట మోయించే బరువు

దుస్తులు పిల్లలు చేసే పనికి అనువుగా ఉండాలి. బడిలో పిల్లల పని కూర్చోవడం, లేవడం, పరుగెత్తడం, మెట్లెక్కడం, సైకిల్ తొక్కడం. ఖోఖో ఆడే అమ్మాయి చున్నీని నడుముకు బిగించి కట్టుకుంటుంది, ఆట అయ్యాక మళ్లీ విప్పి భుజాల మీద పిన్ను పెట్టుకుంటుంది. ఆ బట్ట ఆటకు పనికిరాదని ఆ క్షణంలో పీఈటీకీ తెలుసు, ఆమెకూ తెలుసు. మగపిల్లవాడు అదే చొక్కాతో తరగతి నుంచి మైదానానికీ, మైదానం నుంచి తరగతికీ పరుగెత్తుతాడు.

చాలా బడుల్లో వారానికొకసారి తెల్లబట్టల రోజు ఉంటుంది. నెలసరి మొదలైన అమ్మాయిలకు ఆ రోజు ఎంత భయమో ఆడ ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు. కొందరు బల్ల మీంచి లేవరు, కొందరు బడికే రారు. తెల్లబట్టల విషయంలో పంతానికి పేరుపడ్డ వింబుల్డన్ టెన్నిస్ నిర్వాహకులు సైతం ఇదే కారణంతో 2023 నుంచి స్త్రీ క్రీడాకారులు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని నియమం సడలించారు. వాళ్లు దిగివచ్చిన మెట్టు మన జిల్లా పరిషత్ హైస్కూలు దిగిరాలేదా?

నిబంధన తప్పితే పడే శిక్షలోనూ లింగభేదం ఉంది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు బడిలో, యూనిఫాం వేసుకురాలేదని పదకొండేళ్ల పాపను మగపిల్లల మరుగుదొడ్డిలో నిలబెట్టారన్న వార్త అందరం చదివాం. ఉతికిన యూనిఫాం ఆరలేదని ఇంటివాళ్లు డైరీలో రాసి పంపారు. ఆరని బట్ట పేదరికానికీ, వానకూ సంబంధించింది. శిక్ష మాత్రం ఆడపిల్ల అన్నందుకు సిగ్గును ఆయుధంగా ఎంచుకుంది. వర్గమూ లింగమూ ఒకే బిడ్డ మీద ఎలా కలిసి పనిచేస్తాయో ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

4. నిర్ణయం ఎవరిది?

ఒళ్లు కప్పుకోవడం అణచివేతా, విముక్తా అన్నదానికి బట్టను చూసి జవాబు చెప్పలేం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడి 1859లో రాజప్రకటన సాధించుకున్నారు. అక్కడ కప్పుకోవడమే ధిక్కారం. నేటి బడిలో చున్నీ తీసేస్తానన్న అమ్మాయిది ధిక్కారం. రెండింటిలోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆమె ఒంటి మీద ఏముండాలో తేల్చేది ఎవరు?

అదే కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ మోకాలి కిందిదాకా ఉండే నిక్కరూ, చొక్కా పెట్టి 2021లో దేశం దృష్టికి వచ్చింది. ఆ డిసెంబరులో కోళిక్కోడ్ జిల్లా బాలుశ్శేరిలో ప్లస్ వన్ విద్యార్థులకు ప్యాంటూ చొక్కా పెట్టినప్పుడు కొన్ని ముస్లిం సంస్థలు నిరసన తెలిపాయి. ఏ యూనిఫాంనూ రుద్దే ఉద్దేశం ప్రభుత్వానికి లేదని 2022లో ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రకటించారు. ప్యాంటు వేసుకున్న అమ్మాయిలకు హాయిగా ఉందంటే దాన్ని ఆహ్వానించాల్సిందే. కాని మగవాడి దుస్తులనే 'అందరి దుస్తులు' అనుకుని ఆడపిల్లకు తొడిగితే సమానత్వం వచ్చేసిందనుకోవడం కూడా పొరపాటు. కొలబద్ద మళ్లీ మగవాడే అవుతున్నాడు.

కర్ణాటకలో 2022 ఫిబ్రవరి 5 ప్రభుత్వ ఉత్తర్వు తర్వాత తలగుడ్డతో వచ్చిన ముస్లిం అమ్మాయిలు గేటు దగ్గర ఆగిపోయారు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు హేమంత్ గుప్తా, సుధాంశు ధూలియా చెరొక తీర్పు ఇచ్చారు. బాలిక చదువే తన ముందున్న ప్రధాన ప్రశ్న అన్నారు జస్టిస్ ధూలియా. తలగుడ్డను పితృస్వామ్యపు గుర్తుగా చూసే అభ్యుదయవాదులు మనలో చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకరిని. అయినా దాన్ని తీయించే పేరుతో ఆమెను తరగతి బయట నిలబెట్టేవాడు పితృస్వామ్యాన్ని ఓడించడం లేదు. దాన్ని ప్రశ్నించగల చదువునే ఆమెకు దూరం చేస్తున్నాడు.

మగపిల్లలకూ ఈ బాధ లేకపోలేదు. 2017 జూన్‌లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఎండలకు తాళలేక నిక్కర్లు అడిగి లేదనిపించుకున్న అబ్బాయిలు స్కర్టులు తొడుక్కుని బడికి వెళ్లారు. మన బడిలో జుట్టు పెంచిన కుర్రాడికి దేవుడి మొక్కు ఉంటేనే మినహాయింపు, ఇష్టం ఉంటే లేదు. ఆడ, మగ గళ్లు రెండింట్లోనూ ఇమడని పిల్లల గతి మరీ కష్టం. వాళ్ల కోసం లింగభేదం లేని సౌకర్యవంతమైన యూనిఫాం ఉండాలని సూచించిన ఎన్‌సీఈఆర్‌టీ శిక్షణ పుస్తకం 2021 నవంబరులో బయటికొచ్చిన కొద్ది రోజులకే వెబ్‌సైటు నుంచి మాయమైంది.

5. మన రచనల మాటేమిటి?

స్త్రీవాద కవిత్వం ఈ విషయాన్ని మనకంటే ముందే పట్టుకుంది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవితలో ఒక గుడ్డపీలిక వెనకున్న అధికారాన్ని చూపించారు. అప్పుడు దాన్ని అశ్లీలమన్నవాళ్లు అసలు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. 1984 నాటి సావిత్రి 'బందిపోట్లు' ఆడపిల్ల భయాన్ని తరగతి గదిలోనే మొదలుపెట్టింది. ఓల్గా 'రాజకీయ కథలు' ఆడవాళ్ల ఒళ్లే రాజకీయాలకు వేదిక అని నిరూపించాయి.

అయినా మన కథల్లో బడిపిల్లల వర్ణన ఎలా ఉంటున్నది? నిక్కరు వేసుకున్న కుర్రాడు ఆకలితో, అల్లరితో, తెలివితో పరిచయమవుతాడు. అమ్మాయి జడతో, లంగా ఓణీతో పరిచయమవుతుంది. ఆ ఓణీని తెలుగుదనానికి జెండాగా ఎగరేసే రచయిత, చున్నీకి పిన్నీసు కొలతలు రాసే హెడ్మాస్టరు చాలా దూరపువాళ్లు కారు. ఒకరు మురిసిపోతూ, ఒకరు బెదిరిస్తూ, ఇద్దరూ ఆ పిల్లను చూడవలసిన వస్తువుగానే నిలబెడుతున్నారు. వస్తువులో అభ్యుదయం ఉండి వర్ణనలో భూస్వామ్యం మిగిలిపోతే ఆ రచన సగమే ముందుకు నడిచినట్టు.

న్యాయమైన నిబంధన ఎలా ఉంటుందని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. అది 'పిల్లలు' అన్న మాటతో మొదలవుతుంది. కారణం పిల్లల ఆటలో, చదువులో, వాతావరణంలో, ఇంటి స్తోమతలో ఉంటుంది, చూసేవాడి కళ్లలో ఉండదు. ఒకే రంగు గుడ్డలో ప్యాంటో, పంజాబీ డ్రస్సో, లంగానో ఎంచుకునే వీలుంటుంది. తప్పితే సిగ్గుపరిచే శిక్ష ఉండదు. రాసేముందు ఆ బట్ట వేసుకోవలసిన వాళ్లను అడుగుతుంది. ఈ చివరిది అన్నిటికంటే సులభం, దాన్నే ఎవరూ చేయడం లేదు. ఉపాధ్యాయులైన రచయితలు మనలో ఎందరో ఉన్నారు. వచ్చే జూన్‌లో బడి తెరిచి నోటీసు రాసేముందు, ఏడో తరగతి పిల్లలను కూర్చోబెట్టి వాళ్లచేతనే ఆ పది వాక్యాలూ రాయిస్తే, మనం చాలా వ్యాసాల్లో చెప్పలేనిది వాళ్లు ఒక్క కాగితం మీద చెబుతారు.