ఒకే గాడిలో రెండు చెవుల సంగీతం

కెన్ వీలర్ కెనడాలో పుట్టి 1952లో లండన్ చేరిన ట్రంపెట్ వాద్యకారుడు. 1960ల చివర్లో పంటి బాధ వల్ల కొంతకాలం ఆయన వాద్యం పెదవికి ఆనించలేకపోయారు. బ్యాండు నాయకుడు జాన్ డాంక్‌వర్త్ ఆయన్ను ఖాళీగా కూర్చోనివ్వలేదు. తన ఆర్కెస్ట్రా కోసం ఒక ఆల్బమ్‌కు సరిపడా సంగీతం రాసే పని అప్పగించారు. గాలిమరల మీదికి ఈటె పట్టుకుని దూకిన డాన్ కిహోటే కథను వీలర్ స్వరాల్లోకి తెచ్చారు. 1968 మార్చిలో రికార్డు చేసిన ఆ సంగీతం 'విండ్‌మిల్ టిల్టర్' పేరుతో 1969లో ఫాంటానా లేబుల్ మీద వచ్చింది. అందులో గిటార్ వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్, బాస్ వాయించింది డేవ్ హాలండ్. రికార్డు వచ్చిన ఏడాదే ఆ ఇద్దరూ అమెరికాలో మైల్స్ డేవిస్ పక్కన వాయిస్తున్నారు. మెక్‌లాఫ్లినే తర్వాత జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్‌లతో 'శక్తి' బృందం కట్టారు.

బ్రిటిష్ జాజ్ చరిత్రలో మైలురాయిగా నిలిచిన ఈ రికార్డు చాలా ఏళ్లు పాత ప్రతుల వేటగాళ్లకే దొరికింది. 2021లో డెక్కా సంస్థ దాన్ని మళ్లీ ఎల్‌పీగా తెచ్చింది. అసలు మాస్టర్ టేపు తీసి, లండన్‌లోని గేర్‌బాక్స్ స్టూడియోలో మాస్టరింగ్ చేయించి, 180 గ్రాముల వినైల్ మీద అచ్చు వేయించింది. ఫోనులో వేలు తాకిస్తే పాట మోగే కాలంలో ఇంత శ్రమ దేనికి? ఈ ప్రశ్నకు జవాబు ఆ రికార్డు మీది సన్నటి గాడిలో ఉంది. ఆ గాడి చరిత్ర తెలిస్తే తప్ప ఈ శ్రమ విలువ అర్థం కాదు.

లక్క నుంచి వినైల్ దాకా

1877లో ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫులో శబ్దం స్థూపం మీద నమోదయ్యేది. అందులో సూది కిందికీ పైకీ కదిలేది. పదేళ్ల తర్వాత ఎమిల్ బెర్లినర్ స్థూపం బదులు పళ్లెం తెచ్చాడు, సూదిని కుడి ఎడమలకు ఊపాడు. పళ్లేన్ని అచ్చు వేయడం తేలిక కాబట్టి గ్రామఫోను రికార్డు ఇంటింటికీ చేరింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుల్లో రాతిపొడిని, మసిని కలిపి పట్టి ఉంచేది లక్క. మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే ఈ లక్క ప్రపంచానికి ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లింది.

ఆ పళ్లేనికి రెండు లోపాలు. రాతిపొడి వల్ల సూది కింద ఎప్పుడూ బరబరమనే మోత వచ్చేది. పది అంగుళాల పళ్లెం ఒక వైపు మూడు నిమిషాలకే అయిపోయేది. మన నాటక పద్యాలూ సినిమా పాటలూ ఆ కొలతకే కుదించుకోవలసి వచ్చింది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డు తెచ్చాక ఈ రెండు లోపాలూ తగ్గాయి. లక్క స్థానంలో నున్నటి వినైల్ వచ్చింది. వేగం నిమిషానికి 33⅓ చుట్లకు దిగింది, గాడి సన్నబడింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. జాజ్ వాద్యకారుడికి తీరిగ్గా మనోధర్మం చూపే చోటు దొరికింది ఈ ఎల్‌పీతోనే.

బ్లూమ్‌లైన్ గాడి

అప్పటికీ గాడిలో ఉన్నది ఒక్క శబ్దమే. రెండో శబ్దానికి దారి మాత్రం అంతకు పదిహేడేళ్ల ముందే లండన్‌లో తెరుచుకుంది. అలన్ బ్లూమ్‌లైన్ ఈఎంఐలో ఇంజినీరు. భార్యతో కలిసి సినిమా చూస్తుండగా, తెర మీద నటుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిచినా మాట మాత్రం ఒకే స్పీకరు నుంచి రావడం ఆయనకు నచ్చలేదని చెబుతారు. 1931 డిసెంబరు 14న ఆయన దాఖలు చేసిన పేటెంటులో ఏకంగా డెబ్బై అంశాలున్నాయి. మైకులు ఎలా పెట్టాలన్న దగ్గర నుంచి, రెండు శబ్దాలను ఒకే గాడిలో ఎలా ఇమడ్చాలన్న దాకా అన్నీ అందులో రాశారు.

ఆ గాడి అడ్డుకోత పెంకుటింటి పైకప్పును తలకిందులు చేసినట్టు ఉంటుంది. రెండు వాలు గోడలు, మధ్య లంబకోణం. ఒక్కో గోడ రికార్డు ఉపరితలానికి 45 డిగ్రీల వాలు. లోపలి గోడ మీద ఎడమ చెవికి చేరాల్సిన శబ్దం, బయటి గోడ మీద కుడి చెవిది. ఒక గోడ మీది అల సూదిని రెండో గోడ వాలు వెంబడే తోస్తుంది కాబట్టి ఒకదాని కదలిక రెండోదాన్ని పెద్దగా కలవరపెట్టదు. రెండు పక్కలా ఒకే శబ్దం ఉంటే సూది కుడి ఎడమలకు ఊగుతుంది. రెండిట్లో తేడా ఉన్న మేరకు పైకీ కిందికీ కదులుతుంది. అంటే బెర్లినర్ కదలికా, ఎడిసన్ కదలికా ఒకే గాడిలో కలిశాయి.

1934 జనవరిలో అబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ మోజార్ట్ జూపిటర్ సింఫనీ సాధన చేయిస్తుండగా బ్లూమ్‌లైన్ ఈ పద్ధతిలో రికార్డు చేశారు. కానీ లక్క పళ్లెం మోతలో ఇంత సున్నితమైన కదలిక నిలవదు. ఈఎంఐ ఆ పనిని పక్కన పెట్టింది. యుద్ధం వచ్చింది. 1942 జూన్ 7న హెచ్‌2ఎస్ రాడార్ పరీక్షలో ఉన్న హాలిఫాక్స్ విమానం కూలి, అందులో ఉన్న పదకొండు మందీ చనిపోయారు. వారిలో బ్లూమ్‌లైన్ ఒకరు. ఆయనకు 38 ఏళ్లు, ఆయన పేరిట 128 పేటెంట్లు. స్టీరియో ఎల్‌పీని ఆయన చూడలేదు. 1957లో అమెరికన్ సంస్థ వెస్ట్రెక్స్ ఇదే 45 డిగ్రీల పద్ధతిలో గాడి కోసే కటర్ హెడ్ చూపించింది. మరుసటి ఏడాదికి స్టీరియో రికార్డులు దుకాణాలకు వచ్చాయి.

గాడి కోసే గదిలో

పునర్విడుదల బాగుండాలంటే మొదట కావలసింది అసలు టేపు. పావు అంగుళం వెడల్పున్న ఆ టేపు స్టూడియోల్లో సాధారణంగా సెకనుకు 38 సెంటీమీటర్ల చొప్పున పరుగెడుతుంది. ఇరవై నిమిషాల సంగీతానికి సుమారు 457 మీటర్ల టేపు పడుతుంది. అదే సంగీతం రికార్డు మీదికి ఎక్కితే గాడి పొడవు సుమారు 430 మీటర్లు. టేపు ముక్కలను అతికించిన జిగురు దశాబ్దాలకు ఎండి ఊడిపోతుంది. ఇంజినీరు ఒక్కో అతుకునూ చూసి, ఊడినవాటిని మళ్లీ అతికించి, ఆ తర్వాతే మీట నొక్కాలి.

గాడిని కోసేది అల్యూమినియం పళ్లెం మీద పూసిన లాక్కర్ పొరలో. వేడెక్కిన నీలమణి మొన ఆ పొరలో దిగుతుంది. లేచిన సన్నటి నల్లటి పోగును పక్కనే ఉన్న గొట్టం పీల్చేస్తుంది. ఆ పోగు మొనకు చుట్టుకుంటే ఆ వైపంతా పాడైనట్టే, కొత్త పళ్లెం పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంజినీరు మైక్రోస్కోపులో పక్కపక్క గాడుల మధ్య మిగిలిన జాగా చూస్తుంటాడు. డ్రమ్ములు గట్టిగా మోగే చోట గాడి ఎక్కువ ఊగుతుంది, ఎక్కువ జాగా కావాలి. మెత్తగా వాయించే చోట గాడులను దగ్గరగా జరపవచ్చు. రాబోయే శబ్దం ఎంత పెద్దదో కోత యంత్రానికి ముందే తెలియడానికి, టేపు ఒకటి రెండు సెకన్ల ముందు ఇంకో హెడ్ మీదుగా పోతుంది. ఇలాంటి ప్రత్యేకమైన టేపు యంత్రం లేని చోట, గాడిలో పడే శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే డిజిటల్ డిలే వాడతారు. అప్పుడు గాడిలో పడే శబ్దం ఒకసారి అంకెలుగా మారి వచ్చినదే. పూర్తిగా అనలాగ్ అని ఎవరైనా చెబితే అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. 2022లో ఒక పేరున్న అమెరికన్ సంస్థ తన ఖరీదైన రికార్డుల తయారీలో డిజిటల్ దశ ఉందని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు కొనుగోలుదారులకు కోపం వచ్చింది. శబ్దం బాగాలేదని కాదు, ఆ సంగతి ముందు చెప్పలేదని.

బాస్‌ను, అంటే మంద్ర ధ్వనులను, ఉన్నది ఉన్నట్టు కోస్తే గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. అందుకే కోసేటప్పుడు బాస్ తగ్గిస్తారు, ట్రెబుల్ పెంచుతారు. ఇంట్లో ఫోనో యాంప్లిఫయర్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది, పనిలో పనిగా సూది రాపిడి మోత కూడా తగ్గుతుంది. 1954లో ఖరారైన, ఆర్‌ఐఏఏ అనే ఈ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. రికార్డు అంచున గాడి సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో పోతే, లోపలి చివర 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే అల ఇరుకు జాగాలో పట్టాలి కాబట్టి వైపు చివర్లో స్పష్టత తగ్గుతుంది. కొన్ని పునర్విడుదలలు ఒక రికార్డు సంగీతాన్ని రెండు రికార్డులకు పంచి, 45 చుట్ల వేగంతో కోయడం ఇందుకే.

కోసిన లాక్కర్ మీద వెండి పూసి, నికెల్ పోత పెరిగేలా విద్యుత్ స్నానంలో ముంచుతారు. అలా వచ్చిన తిరగబడిన లోహపు అచ్చును ఫాదర్ అంటారు. దాని నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. ప్రెస్సులో రెండు స్టాంపర్ల మధ్య మెత్తబడిన వినైల్ ముద్ద పెట్టి, ఆవిరి వేడితో, టన్నుల కొద్దీ ఒత్తిడితో నొక్కి, వెంటనే చన్నీటితో చల్లారుస్తారు. అర నిమిషంలో రికార్డు చేతికొస్తుంది. కానీ ఒక స్టాంపర్ ఎక్కువ ప్రతులు వేస్తే అరుగుతుంది. ఆఖరి ప్రతుల్లో అంచులు మొద్దుబారతాయి. నాణ్యత కోరే సంస్థ స్టాంపర్‌ను తొందరగా మారుస్తుంది. ఈ గొలుసు ఎంత సున్నితమో 2020 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోవడంతో లాక్కర్ పళ్లేలు చేసే పెద్ద వనరు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, జపాన్‌లోని ఎండీసీ.

గొప్ప ఎక్కడుంది

కొలతల్లో చూస్తే ఎల్‌పీ సీడీ కంటే గొప్పది కాదు. మోతకూ పెద్ద శబ్దానికీ మధ్య సీడీ 90 డెసిబెళ్లకు పైగా తేడా చూపిస్తే, మంచి ఎల్‌పీ 60, 70 డెసిబెళ్ల దగ్గర ఆగుతుంది. 180 గ్రాముల బరువు గాడిని లోతు చేయదు, పళ్లెం వంగకుండా నిలవడానికి మాత్రం పనికొస్తుంది. అయినా మంచి పునర్విడుదల విలువైనదే అని నా నమ్మకం. అరిగిన ప్రతి నుంచి కాక అసలు టేపు నుంచి పని మొదలవుతుంది. దాన్ని చదవగల యంత్రాలూ, ఆ యంత్రాలు నడపగల చేతులూ మళ్లీ పనిలోకి వస్తాయి. గాలికొదిలేసిన సంగీతం ఇంకో యాభై ఏళ్లకు భద్రమవుతుంది. కాబట్టి కొనేముందు అట్ట మీది బరువు అంకె కంటే ముందు, ఏ టేపు నుంచి, ఎవరు, ఎక్కడ కోశారో చూడండి. అవి రాయని రికార్డుకు ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

మీ ఇంట్లో తాతగారి కాలం నాటి రికార్డులు ఉంటే వాటి మీదా ఇదే శ్రద్ధ పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి. 78 రికార్డులను స్పిరిటుతో తుడవకండి, అందులోని లక్క కరిగిపోతుంది. తెలుగు పద్యాలూ పాటలూ ఉన్న పాత టేపులు, రికార్డులు మీ దగ్గరుంటే తూకానికి అమ్మేయకండి. అవి పాడవకముందే, వాటిని సరైన యంత్రం మీద వినిపించి నకలు తీయగలవారికి చేర్చండి.