పరదేశమున పలక పలుకవలెనన్న

మా మందమర్రిలో బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి గొన్నవారి యిండ్లనుండి స్త్రీలు విదేశములకు పోవుట యిప్పుడు వింత కాదు. కూతురి పురిటికని యొకరు అమెరికాకును, కొడుకును జూచుటకని మరియొకరు దుబాయికిని బోవుచునే యున్నారు. పచ్చళ్లు, పొడులు మూట గట్టుటలో మనకు గల నేర్పును గూర్చి చెప్పనక్కర లేదు. గాని చేతనున్న టాబ్లెట్టు పరదేశమున పనిచేయునా యని ముందుగా నడుగువారు తక్కువ. "అన్నియు అబ్బాయి చూచుకొనును" అందురు. అబ్బాయి విమానాశ్రయము వెలుపల నుండును. మనము లోపల నుందుము. ఆ నడుమ గంటలను గూర్చియే మా చింత.

టాబ్లెట్టు అనిన మన యిండ్లలో మందుబిళ్లయే ముందు తోచును. బడిపిల్లల పలకవలె నుండుటచే మేము పలక యనియే వ్రాయుచున్నాము.

మన దేశమున సామాన్యులకు ఇంటర్నెట్టు వచ్చినది 1995 ఆగస్టు 15న. ఆ తరువాత ననేక వత్సరములవరకు గల్ఫులోని భర్త గొంతు వినుటకు మన యూళ్ల యిల్లాండ్రు పసుపుపచ్చ బోర్డు గల బూతుల యెదుట వరుస గట్టి నిలిచిరి. గాజుగదిలో మీటరు వంక జూచుచు మాటలాడిన వారికి కన్నీరు విడుచుటకైనను తీరిక లేకుండెను. ఆ బాధ తీరినది. క్రొత్త చిక్కులు వచ్చినవి.

సోదరీమణులారా, మొదట మీ పలక ఏ తెగదో యడిగి తెలిసికొనుడు. వైఫై వలననే పనిచేయు పలక యింట నున్నంతవరకు తన లోపమును తెలియనీయదు. గడప దాటినచో ప్రక్కనున్న ఫోను హాట్‌స్పాట్ ఇచ్చిన గాని పలుకదు. సిమ్ము పెట్టుటకు వీలైన పలకయైనచో మన సిమ్మునకే రోమింగు ప్యాకు కొనవచ్చును. ప్యాకు కొననిచో డేటా రోమింగు ఆపివేయవలెను. మనము ముట్టకున్నను పలక తనంతట తాను చిత్రములను, క్రొత్త మార్పులను దింపుకొనుచుండును. ఆ ఖర్చు మన నెత్తిన బడును. కొన్ని పలకలలో ఈ-సిమ్ అను కంటికి గనబడని సిమ్ము చెల్లును. దానిని ఇంటి వైఫైపై ఎక్కించుకొని పోవలెను. ఏలయన దాని నెక్కించుటకును ఇంటర్నెట్టే కావలెను!

విమానాశ్రయములలో ఉచిత వైఫై కలదు గదా యందురు. కలదు. గాని కొన్నిచోట్ల ఫోను నంబరడిగి, ఆ నంబరునకు వచ్చు అంకెలు చెప్పిన గాని లోనికి రానీయరు. అశోకవనమున సీతమ్మకు హనుమంతుడు రామముద్రిక నిచ్చి నమ్మిక కలిగించెను. ఈ కాలపు ముద్రిక ఓటీపీ. అయితే మన యిండ్లలో పలక భార్య చేత నుండును, నంబరు భర్తది. ఆమె పరదేశమున నిలువబడి యుండగా ముద్రిక మందమర్రిలో ఆయన జేబులోనికి వచ్చును. ఆయన నిద్రలో నున్నచో అంతే సంగతులు. నలుబదియేండ్లు సంసారము నడపిన యిల్లాలికి తన పేర నొక నంబరు లేకుండుట పొదుపని మేమొప్పుకొనము. ఆ నంబరును రోమింగుతో సహా వెంట గొనిపోవలెను. బ్యాంకు పనులు మాత్రము ఉచిత వైఫైపై చేయకుడు.

దుబాయి సంగతి వేరుగా చెప్పవలెను. అచట వాట్సాపులో వ్రాత పోవును, చిత్రము పోవును, గొంతు నింపి పంపిన సందేశము పోవును. ముఖాముఖి మాటకు మాత్రము సాధారణముగా నడ్డుండును. అచటి ప్రభుత్వానుమతి గల బోటిమ్ వంటి యాపుతో మాటలాడవలెను. అది యిరువైపుల నుండవలెను గనుక, బయలుదేరుటకు ముందే ఇంటి ఫోనులో గూడ నెక్కించి, ఈ గదినుండి యా గదికి ఒకసారి మాటలాడి చూచుట మేలు.

"వీపీఎన్ పెట్టుకొనుము, అన్నియు వచ్చును" అని సులువు చెప్పు కుర్రవాండ్రు గలరు. వారి మాట వినకుడు. అట్టి మాటుదారిని నేరము చేయుటకో, దాచుటకో వాడినవారికి అచటి 2021 నాటి సైబరు నేరముల చట్టము చెర గాని, 5 లక్షల దిర్హములకు తక్కువ కాని జరిమానా గాని, రెండును గాని విధించును. ఏది నేరమగునో తేల్చువారు అచటి అధికారులు, ఉద్యోగము కొడుకుది. తల్లి చేయదగిన ప్రయోగమా యది?

మరియొక చిన్న మాట. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక నుండును. అచట రాత్రి 8 గంటలకు పలక తెరచినచో ఇచట తొమ్మిదిన్నర. ఇంటిలో మొదటి షిఫ్టునకు పోవువారున్నచో కొంచెము ముందుగానే పిలువవలెను.