పొలంలో చల్లిన యూరియాను మడ అడవి ఏం చేస్తుంది?

వానకు కొట్టుకుపోయిన యూరియా మురుగు కాలువల గుండా సముద్రం చేరుతుంది కదా, దానివల్ల నష్టమేమీ లేదా? ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. వరిచేలో వేసినదాంట్లో చాలాసార్లు సగం కూడా పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటి వెంట పోతుంది. రొయ్యల చెరువుల నీరు, ఊళ్ల మురుగు దానికి తోడవుతాయి. ఈ బలమంతా తిని నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోయి చేపలకు ఊపిరాడదు.

గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవి ఈ నత్రజనిని కొంతవరకు అడ్డుకుంటుంది. ఎలా?

చెట్లు పీల్చుకుంటాయని చాలామంది అనుకుంటారు. పీల్చుకుంటాయి, నిజమే. కానీ ఆకు రాలి కుళ్లితే అందులో చాలా భాగం మళ్లీ నీటిలోకే వస్తుంది. అసలు పని బురదలో జరుగుతుంది.

పాటు సమయంలో కోరింగ చెక్కవంతెన మీద నడుస్తూ కిందికి చూడండి. తెల్లమడ చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు ఊపిరి వేళ్లు పైకి లేచి ఉంటాయి. అలాంటి బురదను పుల్లతో గీస్తే పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కింద నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. పై పొరకు గాలి అందుతుంది, కిందిదానికి అందదు. పై పొరలోని బాక్టీరియా, యూరియా నుంచి వచ్చిన అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. కింద ఆక్సిజన్ దొరకని వేరే బాక్టీరియా, దాని బదులు ఆ నైట్రేటుతోనే ఊపిరి తీసుకుంటాయి. చివరికి మిగిలేది నత్రజని వాయువు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కాబట్టి పైకి పోయినా హాని లేదు.

ఈ రెండు పొరలూ ఎంత దగ్గరగా, ఎన్నిచోట్ల తగిలితే పని అంత బాగా సాగుతుంది. అందుకే పీత బొరియలు ముఖ్యం. ఒక్కో బొరియ గాలినీ పోటు నీటినీ లోతుకు తీసుకుపోతుంది. ఊపిరి వేళ్లూ లోపలికి గాలిని పంపుతాయి.

అలాగని ఎంత నత్రజని వదిలినా బురదే చూసుకుంటుందనుకోకూడదు. మరీ ఎక్కువైతే పని మధ్యలో ఆగి నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే అది దాదాపు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇక పోటు నీటికి అడ్డంగా గట్టు వేస్తే, నీరు బురదను తాకనే తాకదు.

కాబట్టి యూరియా వానకు ముందు చల్లకండి, దఫదఫాలుగా వేయండి. చెరువు నీటిని నేరుగా కాలువలోకి వదలకండి. మడ నరికి గట్టు వేద్దామనే మాట మీ ఊళ్లో వస్తే, పోటు నీరు అక్కడ ఎంతదూరం వస్తోందో ముందుగా పదిమందికీ చూపించండి.