చిన్న విమానం, తాళంచెవి: అపోహలు – వాస్తవాలు

చిన్న విమానాన్ని కాపాడేది దాని తాళంచెవే అన్నది బాగా పాతుకుపోయిన అపోహ. సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానంలోనూ కారులో మాదిరే చెవి పెట్టి తిప్పే స్విచ్ ఉంటుంది కాబట్టి ఈ భ్రమ సహజమే. ఆ స్విచ్‌కు ఆఫ్, ఆర్, ఎల్, బోత్, స్టార్ట్ అని ఐదు స్థానాలు. ఆర్, ఎల్ అంటే కుడి, ఎడమ మాగ్నెటోలు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేవి అవే. వాటికి బ్యాటరీతో పనిలేదు. చెవిని ఆఫ్‌కు తిప్పితే ఒక తీగ గుండా మాగ్నెటో ఎర్త్ అయి రవ్వ ఆగిపోతుంది. ఆ తీగ తెగితే, చెవి పైలట్ జేబులో ఉన్నా సరే, ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినప్పుడు ఇంజను అందుకోవచ్చు. అందుకే అనుభవమున్న మెకానిక్ ఆగివున్న ప్రొపెల్లర్‌ను కూడా నమ్మడు. అసలు తాళంచెవే లేకుండా మామూలు మీట స్విచ్‌లతో నడిచే చిన్న విమానాలూ ఉన్నాయి.

తలుపు తాళం సంగతి మరీ తేలిక. పాత సెస్నాలకు ఉండేది బీరువా సొరుగు తాళం లాంటిది. ఒకదాని చెవి పక్కదానికి పట్టడం పైలట్లకు వింత కాదు. ఇక స్టీరింగ్ కడ్డీలో గుచ్చే ఎర్ర రేకు పిన్నును దొంగలకు అడ్డు అనుకోవడం పూర్తిగా పొరపాటు. ఆపి ఉంచిన విమానం రెక్కల మీద, తోక మీద కదిలే పలకలు గాలికి కొట్టుకోకుండా ఆపడానికే అది. రేకు స్విచ్ మీదికి వాలేది పైలట్ దాన్ని తీయడం మరిచి బయలుదేరకూడదని. దొంగతనం ఆపడానికి వాడేవి వేరు: ప్రొపెల్లర్‌కు, థ్రాటిల్‌కు, చక్రానికి వేసే తాళాలు, తలుపులున్న హ్యాంగరు.

పెద్ద విమానానికి పెద్ద తాళం ఉంటుందన్నది మరో అపోహ. ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ మా దంతేశ్వరి విమానాశ్రయానికి 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి నడపడం మొదలుపెట్టిన ఏటీఆర్ 72 విమానానికి ఇంజను తాళంచెవి అనేదే లేదు; అన్నీ బటన్లు, స్విచ్‌లే. అక్కడ రక్షణంతా కంచె, గేటు, పహారా. ఉడాన్ పథకం కింద ఆ భద్రత రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా సమకూర్చాలి.

అయితే కంచె ఆపేది బయటివాళ్లనే. 2018 ఆగస్టు 10న అమెరికాలోని సియాటిల్‌లో క్యూ400 విమానాన్ని ఎత్తుకుపోయింది అక్కడి గ్రౌండ్ ఉద్యోగే. గుర్తింపు కార్డుతో దర్జాగా లోపలికి వచ్చినవాడు. 2022లో అమెరికాలోనే టుపెలోలో కింగ్ ఎయిర్ విమానాన్ని ఎత్తుకెళ్లిందీ విమానాశ్రయంలో పనిచేసేవాడే. పైలట్ శిక్షణ లేకుండానే సెస్నాలు దొంగిలించి, 2010లో బహామాస్‌లో దొరికిపోయిన కాల్టన్ హారిస్-మూర్ లాంటి బయటి దొంగ అరుదు.

నిజానికి దొంగకు విమానంకన్నా అందులోని రేడియో, జీపీఎస్ పెట్టెలే ముద్దు. ప్యానెల్‌లో బిగించిన చాలా పెట్టెలు ఒక్క అలెన్ కీతో ఊడివస్తాయి, సంచిలో పడతాయి. ఆ పని చేసినవాడు రన్‌వే వైపు కన్నెత్తి కూడా చూడనక్కర్లేదు.

‘పోయినా రాడార్‌లో దొరుకుతుంది’ అన్న ధీమాకూ పెద్దగా ఆధారం లేదు. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌ను కాక్‌పిట్‌లోనే ఆపేయవచ్చు. ప్రమాదంలో దెబ్బ తగిలితే 406 మెగాహెర్ట్జ్‌పై సంకేతం పంపే ఈఎల్‌టీ, దొంగ వెంట నడిచే ట్రాకర్ కాదు. కొండల చాటున తక్కువ ఎత్తులో ఎగిరేదాన్ని రాడార్ చూడలేదు. బస్తర్ సరిహద్దు అడవుల్లో విమానాన్ని వెతకడం ఎంత కష్టమో 2008లో తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 3న హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ మాయమైంది. అది దొంగతనం కాదు, ప్రమాదం. అయినా వెంకటాపురం ప్రాంతపు కొండల్లో శకలాలు దొరికేసరికి నవంబరు వచ్చింది. 2003లో అంగోలాలోని లువాండా నుంచి ఎగిరిపోయిన బోయింగ్ 727 అయితే ఇప్పటికీ దొరకలేదు.

విమానం ఎత్తుకుపోతే అది హైజాకే అన్న మాటా సరికాదు. మన దేశపు 2016 నాటి హైజాకింగ్ నిరోధక చట్టం వర్తించాలంటే విమానం ‘సర్వీసులో’ ఉండాలి: ప్రయాణానికి సిద్ధం చేయడం మొదలైన క్షణం నుంచి దిగాక 24 గంటల దాకా. పైగా బలప్రయోగమో, బెదిరింపో, సాంకేతిక మార్గమో ఉండాలి. వారాల తరబడి హ్యాంగరులో పడివున్న విమానాన్ని ఎవరికీ తెలియకుండా తీసుకెళ్తే అది దొంగతనం. ప్రయాణికులనో సరుకునో మోసే వాహనమైతే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు.