మొటిమలకు మ్రింగు మందులు

యౌవనారంభమున ముఖముపై మొటిమలు లేచుట సామాన్యము. ఇవి అశుభ్రతవలన గాని దుర్నడతవలన గాని కలుగునవి కావు. అయినను వీనికై సిగ్గుపడి తలవంచుకొని తిరుగు బాలబాలికలను, స్నేహితులు చెప్పిరని మందులంగడిలో మాత్రలు కొని మ్రింగువారిని మేము చూచుచున్నాము. కావున ఈ మందుల గుణదోషములను విశదపరుప నెంచితిమి.

రోమకూపముల చెంత చమురు స్రవించు గ్రంథులు గలవు. ఈ ప్రాయమున చమురు హెచ్చును. మృతచర్మము కూపద్వారమును మూయును. లోపల సూక్ష్మజీవులు వృద్ధియై వాపు పుట్టును. కొద్దిపాటి మొటిమలకు పైపూతలే చాలును. అవి ఎఱ్ఱబడి, చీముపట్టి, వీపునకును రొమ్మునకును వ్యాపించినప్పుడు వైద్యులు యాంటీబయాటిక్ మాత్రల నిత్తురు.

వీనిలో ముఖ్యమైనవి టెట్రాసైక్లిన్ వర్గమునకు చెందినవి. ఈ వర్గమున మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెల్లడియయ్యెను. దానిని కనుగొనినవాడు బెంజమిన్ డగ్గర్. అమెరికాలోని ఆ లెడర్లీ పరిశోధనశాలకు అప్పటి నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

టెట్రాసైక్లిన్‌ను పరగడుపున పుచ్చుకొనవలెను; పాలతో గలిసినచో అది ఒంటబట్టదు. డాక్సీసైక్లిన్‌ను భోజనముతో తీసికొనవచ్చును గనుక వైద్యులు తఱచుగా దీనినే వ్రాయుదురు. అయితే దీనివలన ఎండకు చర్మము కమలును. చాలినంత నీరు త్రాగక మ్రింగి వెంటనే పరుండినచో అన్ననాళము పుండుపడవచ్చును. మినోసైక్లిన్‌వలన తల తిరుగుటయు, చర్మము నీలివన్నె తాల్చుటయు, అరుదుగా కాలేయమునకు హానియు కలుగవచ్చును. అది తక్కినవానికంటె మేలని ఋజువు కాలేదు. ఎదుగు పండ్లకు మచ్చపడును గనుక ఎనిమిదేండ్లలోపు పిల్లలకును గర్భిణులకును మొటిమలకై ఈ మూడింటిని ఈయరు. ఇవి సరిపడనివారికి ఎరిత్రోమైసిన్ వంటివి గలవు గాని, దానికి లొంగని సూక్ష్మజీవులు మిక్కిలి హెచ్చినవి.

మఱి ఏది శ్రేష్ఠము? మందు పేరుకంటె వాడు విధము ముఖ్యము. మాత్రతోపాటు బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పైపూత ఉండవలెను. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. సాధారణముగా మూడు నాలుగు నెలలకు మించి మాత్రలను సాగింపరాదు. ఇష్టానుసారముగా మ్రింగినచో శరీరములోని ఇతర సూక్ష్మజీవులును మందును ఎదిరింప నేర్చును. అట్లయిన రేపు ప్రాణాపాయకరమగు జ్వరము వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చును. ఈ ప్రమాదమును గూర్చి అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను.

కావున విద్యార్థులారా, ఒకరి మాత్ర మరియొకరు మ్రింగకుడు, మొటిమలను గిల్లకుడు. తలిదండ్రులారా, బిడ్డల బాధను పరిహసింపక వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు. దేవుడిచ్చిన దేహమును కాపాడుకొనుట ఎంత ధర్మమో, పదిమందికి ప్రాణాధారమగు మందును వ్యర్థపరుపకుండుటయు నంతే ధర్మము.